ఇమేజ్ ఫైలు చెడిపోలేదు, తలుపు మరోచోట ఉంది

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారు నడిపిన ఫోటో స్టూడియోను ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆయన వాడిన విండోస్ 7 కంప్యూటరు నిరుటి వేసవిలో ఆగిపోయింది. అందులోని 500 జీబీ హార్డ్‌డిస్కు టక్‌టక్‌మని చప్పుడు చేయసాగింది. పాతపట్నంలో ఉండే మా మేనల్లుడు లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ డిస్కు మొత్తాన్ని స్టూడియో.ఐఎంజి అనే ఒకే ఫైలుగా (దీన్నే ఇమేజ్ అంటారట) తీసి బయటి డిస్కులో భద్రపరిచాడు. నా కొత్త కంప్యూటరులో లినక్స్ మింట్ ఎక్కించి, ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. "మౌంట్ చేస్తే చాలు మామయ్యా, అన్నీ కనిపిస్తాయి" అని ఫోనులో చెప్పాడు. నేను టెర్మినల్‌లో మౌంట్ అని కొట్టి ఆ ఫైలు పేరు, ఒక ఫోల్డరు పేరు ఇస్తే "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వచ్చింది. ఒక దుకాణంలో చూపిస్తే ఫైలు చెడిపోయిందని, పాత డిస్కును విప్పి డేటా తీయాలని, దానికి చాలా డబ్బు అవుతుందని అన్నారు. తిత్లీ తుపాను నాటి ఫోటోలు, మా ఊరి కొమ్ము పనివారి బొమ్మల ఫోటోలు, వందల పెళ్ళిళ్ళు అందులో ఉన్నాయి. నాన్నగారు ప్రతి ఫోల్డరుకూ వధూవరుల పేర్లు, ఊళ్ళు, తేదీ కలిపి తెలుగులోనే పొడుగాటి పేర్లు పెట్టేవారు. మేనల్లుడు చెప్పినట్టు ఎఫ్‌డిస్క్ -ఎల్ కొడితే మూడు వరుసలు వచ్చాయి. మొదలు అనే గడిలో 2048, 206848, 209922048 అని ఉన్నాయి. ఫైలు పరిమాణం 500107862016 బైట్లు. ఇవి కాక పెళ్ళి డీవీడీలు నలభై దాకా ఉన్నాయి. వాటినీ ఇలా ఇమేజ్‌లుగా చేసి దాచవచ్చా? ఏం చేయాలో చెప్పగలరు.

జవాబు: మీరు ఉత్తరం చివర రాసిన ఆ అంకెలే నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపించాయి. ఆ మూడు వరుసలు కనిపిస్తున్నాయంటే డిస్కు మొదట్లో ఉండే విభాగాల (పార్టిషన్ల) పట్టిక చెక్కుచెదరకుండా మీ ఫైలులోకి వచ్చిందని అర్థం. 500 జీబీ డిస్కుల్లో సాధారణంగా ఉండే సెక్టర్ల (512 బైట్ల ముక్కల) సంఖ్య 976773168; దాన్ని 512తో గుణిస్తే సరిగ్గా 500107862016 వస్తుంది, మీ ఫైలు పరిమాణం కూడా అదే. అంటే మీ మేనల్లుడు డిస్కును మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా తీశాడు. మధ్యలో కొన్ని చోట్ల చదవలేకపోయి ఉండవచ్చు, దాని సంగతి తరువాత చెబుతాను. కానీ మీకు వచ్చిన ఆ సందేశాన్ని మాత్రమే చూసి ఫైలు చెడిపోయిందని చెప్పడం సరికాదు. పాత డిస్కును విప్పించడానికి ఇప్పుడే ఎవరికీ ఇవ్వవద్దు.

ఇంతకీ ఆ సందేశం ఎందుకు వచ్చిందో తెలియాలంటే మౌంట్ అనే ఆదేశం ఏం చేస్తుందో చూడాలి. విండోస్‌లో ప్రతి విభాగానికీ సి, డి అని విడి అక్షరం ఉంటుంది. వేరువేరు ఇళ్ళకు వేరువేరు వీధి తలుపులు ఉన్నట్టు. లినక్స్‌లో అలా కాదు. మన గంజాం, గజపతి జిల్లాల్లోని పాత వరుస ఇళ్ళను తలచుకోండి: వీధి అరుగు మీంచి లోపలికి అడుగు పెడితే ఒక గది వెనుక ఒక గదిగా పెరటి దాకా ఒకటే దారి. లినక్స్‌లో ఫైళ్ళన్నీ ఏటవాలు గీత (/) గుర్తుతో మొదలయ్యే అలాంటి ఒకే ఇంట్లో ఉంటాయి. కొత్తగా ఒక డిస్కు తెస్తే దాన్ని ఆ ఇంట్లో ఏదో ఒక ఖాళీ గది గుమ్మానికి కలపాలి. ఆ కలపడమే మౌంట్ చేయడం. కలిపిన తరువాత ఆ గుమ్మం దాటితే కొత్త డిస్కులోని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఆ గదిలో అంతకుముందు ఏమైనా ఫైళ్ళు ఉంటే అవి పోవు కాని, మౌంట్ విడదీసేదాకా కంటికి కనబడవు. అందుకే దీనికి ఖాళీ ఫోల్డరు ఎంచుకోవాలి.

అయితే గుమ్మానికి కలపవలసింది ఒక ఫైల్‌సిస్టమ్‌ను, అంటే ఫైళ్ళ పేర్లూ చోట్లూ ఒక పద్ధతిలో రాసి పెట్టుకున్న ఒక విభాగాన్ని. మీ మేనల్లుడు తీసింది ఒక విభాగాన్ని కాదు, డిస్కు మొత్తాన్ని. ఆ ఫైలు మొదట్లో ఉన్నది విభాగాల పట్టిక మాత్రమే. ఫైల్‌సిస్టమ్ ఇంకా లోపల ఉంది. మీరు ఫైలును నేరుగా ఇచ్చినప్పుడు మౌంట్ మొదటి పుటలోనే ఫైల్‌సిస్టమ్ ఆనవాలు వెతికింది, అక్కడ దొరకలేదు, ఇది ఏ రకమో తెలియలేదని చెప్పింది. 'బ్యాడ్ సూపర్‌బ్లాక్' అనే మాట చాలామందిని భయపెడుతుంది. కాని ఆ సందేశంలో ఉన్నవన్నీ 'లేదా, లేదా' అని చెప్పిన అనుమానాలే. అందులో ఏ ఒక్కటీ నిర్ధారణ కాదు.

ఇక మీరు రాసిన అంకెల దగ్గరకు వద్దాం. అవి సెక్టర్ల లెక్క, ఒక్కో సెక్టరు 512 బైట్లు. 2048 దగ్గర మొదలై 206848కి ముందు ముగిసే విభాగం సరిగ్గా 100 ఎంబీ ఉంటుంది. అది విండోస్ 7 తన బూటు అవసరాల కోసం దాచుకునే చిన్న విభాగం, అందులో మీ ఫోటోలు ఉండవు. 206848 దగ్గర మొదలయ్యేది సి డ్రైవ్. దాని పొడవు లెక్కిస్తే 100 జీబీ వచ్చింది. 209922048 దగ్గర మొదలయ్యే మూడోదే మిగిలిన పెద్ద విభాగం, అంటే మీ నాన్నగారి డి డ్రైవ్. స్టూడియోల్లో పని ఫైళ్ళన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టడం అందరికీ అలవాటు కాబట్టి మనకు కావలసింది బహుశా అదే. కాని డెస్క్‌టాప్ మీద, మై పిక్చర్స్ ఫోల్డరులో ఆయన కొన్నిటిని వదిలి ఉండవచ్చు. అందుకని సి డ్రైవ్‌ను కూడా తప్పకుండా చూడండి.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాలతోనే రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. సుడో అని మొదలయ్యే ఆదేశం సంకేతపదం అడుగుతుంది. దాన్ని కొడుతున్నప్పుడు తెరమీద నక్షత్రపు గుర్తులు మాత్రమే కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోనూ వచ్చు, కంగారు పడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

ఏ ఆదేశమైనా కొట్టకముందు ఒక నియమం పెట్టుకోవాలని మిమ్మల్ని మరీ మరీ కోరుతున్నాను: ఈ ఫైలును ఎప్పుడు తెరిచినా చదవడానికి మాత్రమే తెరవాలి, రాయడానికి వీలు ఇవ్వకూడదు. దీనికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. కొన్నేళ్ళ కిందట బరంపురంలో నాటకాల రికార్డింగులు ఉన్న ఒక డిస్కును నా దగ్గరకు తెచ్చారు. పొరపాటున చెరిపేసిన ఒక రికార్డింగు కావాలన్నారు. చెరిపిన ఫైలు వెంటనే మాయం కాదు, అది ఉన్న చోటు ఖాళీ అని మాత్రమే గుర్తు పడుతుంది. దాని మీద వేరేది రాయనంతవరకు తిరిగి తీయడానికి అవకాశం ఉంటుంది. నేను ఆ డిస్కును మామూలుగా, రాసే అనుమతితోనే మౌంట్ చేసి, ఏమేం ఉన్నాయో చూద్దామని పాటల ప్రోగ్రాంలో తెరిచాను. ఆ ప్రోగ్రాం ప్రతి రికార్డింగులోనూ పేరు, వరుస సంఖ్య సరిచేస్తూ ఫైళ్ళను తిరగరాయడం మొదలుపెట్టింది. నేను గమనించి ఆపేసరికి వాళ్ళు అడిగిన రికార్డింగు ఉన్న చోటు నిండిపోయింది. నలుగురు నటుల్లో అప్పటికే ఇద్దరు లేరు. ఆ గొంతులు మళ్ళీ దొరకలేదు. ఆ రోజు నుంచి ఇతరుల డిస్కు నా చేతికి వస్తే మొదటిసారి చదవడానికి మాత్రమే అనే పద్ధతిలో తప్ప తెరవలేదు.

కాబట్టి మొదట ఫైలుకే తాళం వేయండి. అది బయటి డిస్కులో ఉంది కాబట్టి ఆ డిస్కు ఏ ఫార్మాట్‌లో ఉందో దాన్ని బట్టి ఫైలు అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ వంటి ఆదేశాలు పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. అందువల్ల అసలు రక్షణ మౌంట్ చేసే తీరులోనే ఉండాలి. టెర్మినల్‌లో ఆ ఫైలు ఉన్న ఫోల్డరుకు వెళ్ళి ఇలా కొట్టండి: సుడో లోసెటప్ -ఆర్ -ఎఫ్ -పి --షో స్టూడియో.ఐఎంజి. ఇందులో పి మాత్రం పెద్ద అక్షరం. లోసెటప్ అనే పేరును లూప్ అనే మాటలోని మొదటి రెండు అక్షరాలకు సెటప్ కలిపి రాయాలి. ఈ ఆదేశం మీ ఫైలును తీసుకుని, ఇది ఫైలు కాదు, నిజమైన డిస్కే అన్నట్టుగా సిస్టమ్‌కు చూపిస్తుంది. అలా చూపించే ఉత్తుత్తి డిస్కును లూప్ పరికరం అంటారు. ఆర్ అంటే చదవడానికి మాత్రమే, ఎఫ్ అంటే ఖాళీగా ఉన్న లూప్ ఒకటి నువ్వే వెతుక్కో అని, పెద్ద పి అంటే లోపలి విభాగాల పట్టికను చదివి ఒక్కో విభాగానికి ఒక్కో పేరు పెట్టు అని, షో అంటే ఏ లూప్ ఇచ్చావో తెరమీద చెప్పు అని.

జవాబుగా /డెవ్/లూప్0 అని ఒక్క వరుస వస్తుంది. సున్నాకు బదులు వేరే అంకె వస్తే ఇక మీదట ఆ అంకెనే వాడండి. కొన్ని లినక్సులలో కొన్ని లూపులు ముందే వాడకంలో ఉంటాయి. తరువాత ఎల్ఎస్‌బిఎల్‌కె -ఎఫ్ /డెవ్/లూప్0 అని కొడితే దాని కింద లూప్0పి1, లూప్0పి2, లూప్0పి3 అని మూడు కొమ్మలు కనబడతాయి, పక్కన ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే రకం (విండోస్ వాడే ఫైల్‌సిస్టమ్), విభాగానికి పేరు పెట్టి ఉంటే ఆ పేరు కూడా ఉంటాయి. మూడో కొమ్మ పక్కన ఎన్‌టీఎఫ్‌ఎస్ అని కనబడిన క్షణంలో మీ పని సగం అయినట్టే.

ఇప్పుడు ఖాళీ గది ఒకటి కట్టాలి. సుడో ఎంకెడిఐఆర్ -పి /ఎంఎన్‌టి/పాతడి అని కొట్టండి (ఈ పి చిన్న అక్షరమే, పాతడి అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మీకు తోచినట్టు రాయవచ్చు). దానికి విభాగాన్ని కలపాలి: సుడో మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/లూప్0పి3 /ఎంఎన్‌టి/పాతడి. ఆర్ఓ అంటే ఇక్కడ కూడా చదవడానికి మాత్రమే. లూప్‌కు ఒకసారి చెప్పాం కదా, మళ్ళీ ఎందుకని అనిపించవచ్చు. రెండు చోట్లా చెబితే ఒకచోట మరిచిపోయిన రోజున రెండోది కాపాడుతుంది. ఏ సందేశమూ రాకుండా మళ్ళీ చుక్క మిణుకుమంటూ నిలబడితే పని జరిగిందని అర్థం. ఈ ఆదేశాలు పని సక్రమంగా జరిగినప్పుడు మౌనంగా ఉంటాయి. ఎల్ఎస్ /ఎంఎన్‌టి/పాతడి అని కొట్టి చూడండి, లేదా ఫైల్ మేనేజరులో ఆ ఫోల్డరు తెరవండి.

లోసెటప్ లేకుండా ఒకే ఆదేశంతో కూడా ఈ పని చేయవచ్చు. విభాగం ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెబితే మౌంట్ నేరుగా అక్కడి నుంచే చదువుతుంది. 209922048ని 512తో గుణిస్తే 107480088576; అప్పుడు ఆదేశం సుడో మౌంట్ -ఓ ఆర్ఓ,లూప్,ఆఫ్‌సెట్=107480088576 స్టూడియో.ఐఎంజి /ఎంఎన్‌టి/పాతడి అవుతుంది. సి డ్రైవ్‌కు ఆ సంఖ్య 105906176. ఇందులో కామాల మధ్య ఖాళీ ఉండకూడదు. అయితే ఒక్క అంకె తప్పు పడినా మళ్ళీ అదే భయపెట్టే సందేశం వస్తుంది. పైగా ఒకే ఫైలులోని రెండు విభాగాలను ఇలా ఒకేసారి తెరవబోతే, ఒకదాని హద్దు ఎక్కడో తెలియక, ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని సిస్టమ్ అడ్డుపడుతుంది. మీకు లోసెటప్ పద్ధతే మేలు. మీ మేనల్లుడు ఫోనులో ఆఫ్‌సెట్ గురించి చెబితే తికమక పడకుండా ఉండటానికే దీన్ని చెప్పాను.

మూడో విభాగం తెరుచుకోకపోతే ఏమిటన్నది తరువాతి ప్రశ్న. విండోస్‌ను పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చి (హైబర్నేట్ చేసి) ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగం అసంపూర్తి స్థితిలో ఉంటుంది, రాసే అనుమతితో మౌంట్ చేయబోతే లినక్స్ ఒప్పుకోదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల కొత్త కంప్యూటర్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. చదవడానికి మాత్రమే అడుగుతున్నాం కాబట్టి మనకు సాధారణంగా అడ్డు రాదు. కాని ఇంటర్నెట్‌లో వెతికితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే ప్రోగ్రాం నడపమనీ, హైబర్నేషన్ ఫైలును తీసేసే ఎంపిక ఇవ్వమనీ సలహాలు దొరుకుతాయి. ఆ రెండూ డిస్కు మీద రాసే పనులు. ఈ ఇమేజ్‌కు మరో నకలు తీసి, ఆ నకలు మీద తప్ప వాటి జోలికి వెళ్ళవద్దు. ఆ విభాగపు మొదటి సెక్టరే పాడై ఉంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్ దానికి ఒక ప్రతిని విభాగం చివర దాచుకుంటుంది, టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో దాన్ని తిరిగి మొదటికి తేవచ్చు. అది కూడా నకలు మీదే చేయాలి.

మేనల్లుణ్ణి ఒక విషయం అడగండి: ఇమేజ్ తీయడానికి డీడీ వాడాడా, డీడీరెస్క్యూ వాడాడా? డీడీ వాడితే కాన్వ్ అనే ఎంపిక దగ్గర నోఎర్రర్, సింక్ రెండూ ఇచ్చాడా? చదవలేని చోటు వచ్చినప్పుడు నోఎర్రర్ ఒక్కటే ఇస్తే డీడీ ఆ ముక్కను వదిలేసి ముందుకు పోతుంది, దాంతో ఆ తరువాతి డేటా అంతా ముందుకు జరిగిపోయి చోట్లు తప్పుతాయి; సింక్ కూడా ఇస్తే ఆ ఖాళీని సున్నాలతో నింపుతుంది. మీ ఫైలు పరిమాణం ఖచ్చితంగా సరిపోయింది కాబట్టి అలాంటి జారుడు జరగలేదని నమ్ముతున్నాను. డీడీరెస్క్యూ అయితే ఇమేజ్ పక్కన మ్యాప్ అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది, ఏ చోట్లు చదవలేకపోయిందో అందులో రాసి ఉంటుంది. దాన్ని పొరపాటున కూడా చెరపవద్దు. మళ్ళీ ప్రయత్నించవలసి వస్తే దాని సాయంతో మిగిలిన ముక్కలను మాత్రమే అడగవచ్చు, టక్‌టక్‌మంటున్న డిస్కును మొదటి నుంచి శ్రమపెట్టనక్కరలేదు. చదవలేని చోట ఏ ఫోటో ఉంటే ఆ ఫోటో సగం బూడిద రంగులో కనిపిస్తుంది, పక్కనున్న ఫోటోలకు ఏమీ కాదు. ఒకటి రెండు అలా కనబడినంత మాత్రాన మిగతావాటి మీద ఆశ వదులుకోకండి. పాత డిస్కును మాత్రం ఇప్పుడు ఏ కంప్యూటరుకూ తగిలించవద్దు. మింట్ డెస్క్‌టాప్ దాన్ని చూడగానే రాసే అనుమతితో తానే మౌంట్ చేయవచ్చు. అట్టపెట్టెలో తేమ తగలకుండా ఉంచి, పైన తేదీ రాసి పెట్టండి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, మీ నాన్నగారు పెట్టిన పొడుగాటి తెలుగు పేర్ల గురించి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక ఫైలు పేరులో 255 సంకేతాలు పడతాయి, ఆ లెక్కలో ఒక తెలుగు సంకేతం ఒకటిగానే లెక్క. లినక్స్ మామూలుగా వాడే ఎక్స్‌ట్4లో హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి అక్కడ పట్టేది 85 మాత్రమే. పర్లాకిమిడి అనే మాట కంటికి ఐదు అక్షరాలే. కాని కంప్యూటరుకు ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి అని 11 సంకేతాలు, 33 బైట్లు. గుణుపురం 24 బైట్లు. 'వివాహ మహోత్సవం' మధ్యలోని ఖాళీతో కలిపి 40. ఈ మూడింటికే 97 బైట్లు పోయాయి, మిగిలిన 158 బైట్లలో వధూవరుల ఇంటిపేర్లు, పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ అన్నీ పట్టాలి. విండోస్‌లో హాయిగా ఇమిడిన పేరు ఇక్కడ 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అని తిరస్కరణకు గురవుతుంది. ఇంగ్లీషులో పేర్లు పెట్టుకునేవారికి ఈ ఇబ్బంది ఎదురుకావడం అరుదు, అందుకే దీన్ని గురించి చెప్పేవాళ్ళు కూడా అరుదు.

ఆ పేర్లను కుదించమని నేను చెప్పను. ఏ ఊరి అమ్మాయి, ఏ ఊరి అబ్బాయి, ఏ రోజు అన్నది ఆ ఫోల్డరు పేరులో తప్ప ఇంకెక్కడా రాసి లేకపోవచ్చు. ఫోటో ఎంత విలువైనదో ఆ పేరు కూడా అంతే విలువైనది. కాపీ చేయడానికి కొన్న కొత్త డిస్కును ఎక్స్‌ట్4గా కాకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానే ఫార్మాట్ చేసుకోండి, పేర్లు ఉన్నవి ఉన్నట్టు వెళతాయి. ఎక్స్‌ఫ్యాట్ కూడా పొడుగు పేర్లను పట్టుకుంటుంది కాని, రాస్తుండగా కరెంటు పోతే సర్దుకోవడానికి కావలసిన చిట్టా దానికి లేదు. కాలవైశాఖి రోజుల్లో ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని మన వైపు దాన్ని ఈ పనికి నేను సిఫారసు చేయను.

కాపీకి ఆర్‌సింక్ వాడండి: ఆర్‌సింక్ -ఆర్‌టీవీ అని కొట్టి, /ఎంఎన్‌టి/పాతడి/ అని చివరి ఏటవాలు గీతతో సహా ఇచ్చి, ఆపైన కొత్త డిస్కు ఫోల్డరు పేరు ఇవ్వండి. పేర్లలో ఖాళీలు ఉంటే మొత్తం దారిని కోట్ గుర్తుల మధ్య పెట్టాలి. ఇది తేదీలను కూడా కాపాడుతుంది, మధ్యలో ఆగిపోతే మళ్ళీ అదే ఆదేశం కొడితే అయిపోయిన ఫైళ్ళను వదిలి మిగిలినవే తీసుకుంటుంది. ఏవైనా ఫైళ్ళు రాకపోతే వాటి పేర్లు తెరమీద చెప్పి, చివర 23 అనే సంఖ్యతో ముగుస్తుంది. ఆ వరుసలను కాగితం మీద రాసుకోండి. సెకనుకు 100 ఎంబీ వేగం వచ్చినా 400 జీబీకి గంటకు పైగా పడుతుంది, వేలకొద్దీ చిన్న ఫైళ్ళు ఉంటే ఇంకా ఎక్కువ. కంప్యూటరును ఇన్వర్టరు మీద పెట్టి మొదలుపెట్టండి.

తెరమీద కాపీ అయిపోయిందని కనిపించినా ఫైళ్ళలో కొంత భాగం ఇంకా మెమరీలోనే ఉండి, డిస్కు మీదకు మెల్లగా చేరుతూ ఉంటుంది. అందుకే పని అవగానే కేబులు లాగకూడదు. సింక్ అని కొట్టి చుక్క తిరిగి వచ్చేదాకా ఆగండి, తరువాత కొత్త డిస్కును విడదీయండి. విడదీసే ఆదేశం యూమౌంట్: మౌంట్‌కు ముందు ఒక్క యూ మాత్రమే ఉంటుంది, ఎన్ ఉండదు, ఎన్ కలిపి కొట్టి ఆ ఆదేశమే లేదన్నదని విసుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. సుడో యూమౌంట్ /ఎంఎన్‌టి/పాతడి అంటే 'టార్గెట్ ఈజ్ బిజీ' అని రావచ్చు. ఎవరో ఇంకా ఆ గదిలో ఉన్నారని దాని అర్థం, చాలాసార్లు ఆ ఉన్నది మీ టెర్మినలే. సీడీ అని కొట్టి బయటికి వచ్చి, తెరిచి ఉన్న ఫోటోలూ ఫైల్ మేనేజరు కిటికీలూ మూసి మళ్ళీ కొట్టండి. అప్పటికీ వినకపోతే సుడో ఫ్యూజర్ -విఎం /ఎంఎన్‌టి/పాతడి అంటే పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాం పేరు చెబుతుంది. మౌంట్ విడిపోయాక సుడో లోసెటప్ -డి /డెవ్/లూప్0 అంటే లూప్ కూడా ఖాళీ అవుతుంది. యూమౌంట్ ముందు, లోసెటప్ -డి తరువాత; ఈ వరుస తప్పకూడదు.

ఒక్క ప్రతి చాలదు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన 2018 అక్టోబరు 11 నాటి ఫోటోలు, ఆ వెంటనే మీ జిల్లాలో వచ్చిన వరదల ఫోటోలు మీ కుటుంబానికే కాక మీ ఊరికంతటికీ చెందినవి. రెండో డిస్కు ఒకటి నింపి పాతపట్నంలో మీ చెల్లెలు ఇంట్లోనో అక్క ఇంట్లోనో పెట్టండి. మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి ఉంటాయి. స్టూడియో.ఐఎంజిని మాత్రం ఈ రెండూ తెరిచి, నాలుగైదు వందల ఫోటోలు కళ్ళతో చూసుకున్న తరువాత కూడా చెరపకండి.

డీవీడీల సంగతి సులభం. పెళ్ళి డీవీడీలో విభాగాల పట్టిక ఉండదు, ఫైల్‌సిస్టమ్ నేరుగా మొదలవుతుంది. అందువల్ల దాని ఇమేజ్‌ను లోసెటప్ లేకుండానే సుడో మౌంట్ -ఓ ఆర్ఓ,లూప్ అని ఫైలు పేరు, ఫోల్డరు పేరు ఇచ్చి తెరవవచ్చు, మీరు మొదట ఆశించినట్టే. ఇమేజ్ తీయడానికి పాత డీవీడీలకు డీడీ కన్నా డీడీరెస్క్యూ మంచిది. మింట్‌లో దాని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, ఆదేశం పేరులో మాత్రం ఆ మొదటి జీ ఉండదు. డీడీరెస్క్యూ -బి 2048 -ఎన్ /డెవ్/ఎస్ఆర్0 పెళ్ళి01.ఐఎస్ఓ పెళ్ళి01.మ్యాప్ అని కొట్టండి, పేర్లు మీ ఇష్టం. చదవలేని చోట్లు మిగిలితే -ఎన్ బదులు -ఆర్3 పెట్టి అదే రెండు ఫైలు పేర్లతో మళ్ళీ నడపండి, మిగిలిన చోట్లనే మూడేసిసార్లు ప్రయత్నిస్తుంది. డిస్కు అడుగుభాగాన్ని మెత్తని పొడిబట్టతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. నిండు డీవీడీ ఇమేజ్ 4 జీబీ దాటుతుంది కాబట్టి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళదు. మీ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులోనే పెట్టండి. మౌంట్ చేసి చూస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉండాలి, వీఎల్‌సీలో ఆ ఐఎస్ఓ ఫైలును నేరుగా తెరిచినా సినిమాలాగే ఆడుతుంది. నలభైలో కొన్ని వీసీడీలు కలిసి ఉంటే వాటికి ఈ పద్ధతి పనికిరాదు, వాటి వీడియో భాగం వేరే రకం సెక్టర్లలో ఉంటుంది. వాటిని పక్కన పెట్టి, ఎన్ని ఉన్నాయో, మీద ఏ ఏడాది రాసి ఉందో నాకు రాయండి, వాటి గురించి విడిగా చెబుతాను.